తొలి జీతంతో స్నోబోర్డా? మంచును చూసి ఎంచుకోండి!

గుల్‌మార్గ్‌లో రాత్రంతా మంచు కురిసింది. తెల్లారేసరికి మోకాలి లోతు. నిన్నటిదాకా చదును చేసిన వాలు మీద మిమ్మల్ని హాయిగా జార్చిన అద్దె బోర్డు, ఈ రోజు పది గజాలు పోకుండానే ముక్కు దించి కూరుకుపోయింది. మీరు మంచులో తలకిందులు! ఇంతలో మీ పక్కనుంచే ఒకరు నీటి మీద పడవలా తేలుతూ వెళ్లిపోయారు. తేడా ఎక్కడుంది? కొంత అనుభవంలో. మిగతాది కాళ్ల కింద ఉన్న బోర్డులో.

సెలవుల్లో బేసిక్ కోర్సు చేసొచ్చి, ‘ఉద్యోగం రానీ... మొదట కొనేది పౌడర్ బోర్డే’ అనుకుంటున్నారా? మంచు క్రీడల రంగంలోనే ఏదైనా పని చూసుకుందామన్న ఆలోచన ఉందా? అయితే కాసేపు ఆగండి. పేరున్న కంపెనీల పౌడర్ బోర్డు ఒక్కటే విదేశీ మార్కెట్లో సుమారు 500 నుంచి 800 డాలర్లు. దిగుమతి సుంకం, రవాణా దానికి అదనం. కొత్తగా ఉద్యోగంలో చేరిన వారికి అది నెల జీతం కన్నా ఎక్కువే కావచ్చు. ఎంపిక తప్పితే ఆ సొమ్మంతా అటకెక్కినట్టే. అందుకే బొమ్మ చూసి, బ్రాండ్ చూసి కాదు.. మీరు దిగబోయే మంచును, మీ బరువును, మీ పాదాన్ని చూసి కొనాలి.

పౌడర్ అంటే..

కొత్తగా పడి, తేమ తక్కువగా ఉండి, ఇంకా గట్టిపడని మంచునే పౌడర్ అంటారు. ఘనపు మీటరు నీరు 1000 కిలోలు తూగుతుంది. అదే పరిమాణంలో తాజా పొడి మంచు చాలాసార్లు 50 నుంచి 100 కిలోలే ఉంటుంది. మిగతాదంతా గాలే. కాలు పెట్టగానే నడుము దాకా దిగిపోవడం అందుకే. ఈ మంచులో మునగకుండా ఉండాలంటే మీ బరువు ఎక్కువ వైశాల్యం మీద పరుచుకోవాలి. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమని హైస్కూల్లో చదువుకున్నాం కదా? పౌడర్ బోర్డు రహస్యంలో సగం ఆ సూత్రమే.

మన దేశంలో ఈ మంచుకు పెట్టింది పేరు గుల్‌మార్గ్. ఊరే సుమారు 2650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి గొండోలా రెండో దశలో అఫర్వాట్ కొండ మీద సుమారు 3950 మీటర్ల దాకా తీసుకెళుతుంది. పైన ఉన్న వాలుల్లో ఎక్కువ భాగం యంత్రాలతో చదును చేసినవి కావు. మంచు ఎలా పడితే అలాగే ఉంటుంది. డిసెంబరు 21 నుంచి కశ్మీరీలు ‘చిల్లై కలాన్’ అని పిలిచే 40 రోజుల గడ్డు చలి మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు పౌడర్‌కు అనువైనవి.

అసలు ఈ ఆట పుట్టిందే మెత్తటి మంచులో. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజినీర్ తన కూతుళ్ల కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఓ ఆటవస్తువు చేశారు. మంచు మీద సర్ఫింగ్ లాంటిది కాబట్టి దానికి ‘స్నర్ఫర్’ అని పేరొచ్చింది. ఆ ఆటే పెరిగి పెద్దదై 1998 నాగానో వింటర్ ఒలింపిక్స్‌లో అడుగు పెట్టింది.

ఆకారాన్ని చదవడం నేర్చుకోండి

షాపులో బోర్డును చేతిలోకి తీసుకున్నాక రంగులు పక్కన పెట్టి ఈ నాలుగూ చూడండి.

టేపర్: పౌడర్ బోర్డుకు ముక్కు వెడల్పు, తోక సన్నం. రెండింటికీ మధ్య తేడా మామూలుగా 10 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నటి తోక కాస్త దిగుతుంది, వెడల్పాటి ముక్కు పైకి లేస్తుంది. ఇది లేని బోర్డు మీద ముక్కును లేపి ఉంచే పని మీ వెనక కాలిది. మధ్యాహ్నానికే తొడ పట్టేస్తుంది.

వంపు: బోర్డును గచ్చు మీద పెట్టి పక్కనుంచి చూడండి. నడుమ లేచి వంతెనలా ఉంటే అది క్యాంబర్. నడుమ నేలను తాకి చివరలు పడవలా లేచి ఉంటే రాకర్. క్యాంబర్ గట్టి మంచులో పట్టునిస్తుంది. రాకర్ మెత్తటి మంచులో తేలుస్తుంది. ముక్కు దగ్గర రాకర్, కాళ్ల కింద క్యాంబర్ ఉన్న మిశ్రమ రకాన్ని చాలామంది ఇష్టపడతారు. కారణం సులువే. పౌడర్ వాలు దిగాక గొండోలా దగ్గరికి చేరాలంటే గట్టి మంచు మీదే కదా పోవాలి!

సెట్‌బ్యాక్: కాళ్లు బిగించే బైండింగుల రంధ్రాలు బోర్డుకు సరిగ్గా మధ్యలో ఉన్నాయా, కాస్త వెనక్కు జరిగి ఉన్నాయా? పౌడర్ బోర్డులో వెనక్కే ఉండాలి.

ఫ్లెక్స్: బోర్డు ఎంత వంగుతుందో కంపెనీలు 1 నుంచి 10 వరకు అంకెలో చెబుతాయి. 10 అంటే బాగా బిర్రు. కొత్తగా పౌడర్‌లోకి దిగేవారికి 5, 6 అంకెలు చాలు. అయితే ఒక కంపెనీ 6, మరో కంపెనీ 6 ఒకటి కావని గుర్తుంచుకోండి.

పొడవు కాదు, బరువు ముఖ్యం

‘గడ్డం దాకా వస్తే సరిపోతుంది’ అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. బోర్డుకు మీ ఎత్తు తెలియదు, బరువే తెలుస్తుంది. ప్రతి మోడల్‌కూ కంపెనీ ఇచ్చే బరువు పట్టిక ఉంటుంది. అందులో మీ బరువు ఏ సైజు దగ్గరుందో చూడండి. పట్టికలో చివరి అంకెల్లో ఉండి, పైగా బరువైన బ్యాగుతో తిరిగేవారైతే తర్వాతి సైజుకు వెళ్లండి.

ఉదాహరణకు మీ బరువు 70 కిలోలు అనుకుందాం. మామూలు ఆల్ మౌంటెన్ బోర్డు అయితే సుమారు 156 సెంటీమీటర్లు సరిపోతుంది. పౌడర్‌కు మీ ముందు రెండు దారులు. మొదటిది, 158-160 ఉన్న పొడవాటి టేపర్ బోర్డు. విశాలమైన వాలుల్లో, వేగంలో స్థిరంగా ఉంటుంది. రెండోది, 148-152 మధ్య ఉండే పొట్టి, వెడల్పు బోర్డు. పొడవులో తగ్గిన వైశాల్యాన్ని వెడల్పులో పూడ్చుకుంటుంది. చెట్ల మధ్య చటుక్కున తిరుగుతుంది. కానీ గట్టి మంచు మీద ఒక అంచు నుంచి మరో అంచుకు మారడంలో కాస్త బద్ధకం చూపిస్తుంది. రెండూ మంచివే. మీరు తిరగబోయేది ఎక్కడన్నదే ప్రశ్న.

ఇక పాదం. మన షాపుల్లో చెప్పుల సైజు యూకే అంకెల్లో ఉంటుంది. స్నోబోర్డు పట్టికలు ఎక్కువగా అమెరికా అంకెల్లో ఉంటాయి. ఈ గందరగోళమే వద్దు. గోడకు మడమ ఆనించి నిలబడి పాదాన్ని సెంటీమీటర్లలో కొలవండి. 27 సెంటీమీటర్లు వస్తే అది పురుషుల సైజుల్లో సుమారుగా యూకే 8, అమెరికా 9. అలాంటి పాదానికి మామూలు బోర్డులో నడుము వెడల్పు 255 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే సరి. మరీ సన్నమైతే బూటు మొన మంచుకు రాసుకుని పడేస్తుంది. మరీ వెడల్పైతే తిప్పడానికి బలం చాలదు. అమ్మాయిలకు, చిన్న పాదాలున్న అబ్బాయిలకు ఈ రెండో ఇబ్బందే ఎక్కువ. మహిళల కోసం చేసిన మోడళ్లలో నడుము సన్నంగా ఉంటుంది, వాటినీ చూడండి.

మీకు మీరే చెప్పుకోవాల్సిన నిజం

కాగితం తీసుకుని ఒక అంకె రాయండి. ఏడాదిలో మీరు మంచు మీద ఎన్ని రోజులుంటారు? హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండే కొత్త ఉద్యోగికి పది రోజుల సెలవు దొరకడమే గొప్ప. ఆ పదిలో తాజా పౌడర్ ఉండేది మూడు నాలుగు రోజులు కావచ్చు. మిగతా రోజులన్నీ తొక్కిన మంచు మీదే. కాబట్టి ఇదే మీ ఏకైక బోర్డు అయితే, అచ్చమైన పౌడర్ బోర్డు కొనకండి. కొద్దిగా టేపర్, ముక్కులో రాకర్, కాళ్ల కింద క్యాంబర్ ఉన్న ఫ్రీరైడ్ లేదా ఆల్ మౌంటెన్ బోర్డు తీసుకోండి. లోతైన మంచు పడిన రోజున పౌడర్ బోర్డు అద్దెకు దొరుకుతుందేమో చూసుకోవచ్చు.

మరి ఎడమకూ కుడికీ వరసగా మలుపులు తిప్పడం ఇంకా రాలేదా? అయితే ఏ బోర్డూ కొనొద్దు. ఈ సీజన్ అద్దెదే నయం. రెండు మూడు రకాలు మార్చి మార్చి వాడండి. ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో రాసుకోండి. ఆ పేజీ ఏ వీడియో రివ్యూ కన్నా విలువైనది.

డబ్బు ఖర్చుకూ ఓ వరస ఉంది. మొదట బూట్లు. మోకాళ్లు వంచినప్పుడు మడమ లేవకూడదు, వేళ్లు ముందు భాగాన్ని కాస్త తాకాలి. తర్వాత బైండింగులు. కొన్ని బోర్డులకు రంధ్రాల వరస, కొన్నింటికి పొడవాటి గాడి ఉంటుంది. మీ బైండింగు దేనికి సరిపోతుందో అడిగి తెలుసుకోండి. బోర్డు చివరిది. సీజన్ ముగిసే మార్చి, ఏప్రిల్‌లలో విదేశీ షాపులు పాత ఏడాది మోడళ్ల ధర తగ్గిస్తాయి. అక్కడున్న అన్నయ్యో, స్నేహితురాలో వస్తుంటే అడగొచ్చు. సెకండ్ హ్యాండ్ అయితే ఉక్కు అంచులు పగిలాయా, పొరలు విడిపోయాయా, అడుగున చెక్క కనిపించేంత గాటు ఉందా అని వెలుతురులో చూడండి. దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్‌కు లగేజీ పరిమితి ఎక్కువగా 15 కిలోలే అన్నది కూడా లెక్కలో వేసుకోండి.

బోర్డు తేలుస్తుంది, కాపాడదు

ఈ భాగాన్ని మాత్రం దాటవేయొద్దు. పౌడర్ ఉన్న చోటే మంచు చరియలు విరిగిపడే ప్రమాదమూ ఉంటుంది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ వాలుల్లో మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు ప్రాణాలు కోల్పోయారు. మంచు కింద చిక్కుకున్న వారిని బతికించుకోవడానికి మొదటి 10-15 నిమిషాలే కీలకం. అంత త్వరగా తీయగలిగేది పక్కనున్న తోటివారే. అందుకే హద్దులు దాటి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులుండాలి. సిగ్నల్ పంపే, అందుకునే ట్రాన్సీవర్, మంచులోకి దింపి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, తవ్వడానికి లోహపు పార. వాటిని వాడటం ముందే సాధన చేసి ఉండాలి. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ మంచు చరియలపై హెచ్చరికలు ఇస్తుంది. ఆ రోజు హెచ్చరిక చూడకుండా, స్థానిక గైడ్ లేకుండా, ఒంటరిగా వెళ్లొద్దు. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే బోర్డు వాయిదా వేయండి, ఈ సామగ్రి, శిక్షణ తీసుకోండి.

ఇందులో పని దొరుకుతుందా?

దొరుకుతుంది. కానీ ఉన్నమాట చెప్పుకుందాం. మన దేశంలో సీజన్ మూడు నాలుగు నెలలే. ఇన్‌స్ట్రక్టర్, అద్దె షాపులో సామగ్రి సరిచేసే టెక్నీషియన్, టూర్ నిర్వహణ లాంటివి ప్రధానమైన పనులు. మిగతా ఏడాదికి ట్రెకింగ్, పర్యాటకం, ఈవెంట్లు, డిజైన్.. ఏదో ఒక రెండో ఆధారం ఉండాల్సిందే. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్, మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ అండ్ అలైడ్ స్పోర్ట్స్ శీతాకాలంలో శిక్షణ ఇస్తాయి. కోర్సు తేదీలు, ఫీజులు, అర్హతల కోసం వాటి ప్రకటనలనే నమ్ముకోండి. 2020లో మొదలైన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌తో ఈ ఆటలకు గుర్తింపూ పెరిగింది.

అమెరికాలో ఎంఎస్ చేస్తూ వారాంతాల్లో స్కీ రిసార్టులో నాలుగు డాలర్లు సంపాదిద్దామనుకునే వారికి ఒక హెచ్చరిక. ఎఫ్-1 వీసా మీద ఉండి, అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేస్తే వీసాకే ముప్పు. సరదాకి వెళ్లండి, పనికి మాత్రం ముందుగా కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి.

మెకానికల్, మెటీరియల్స్ విద్యార్థులకు ఇంకో మాట. స్నోబోర్డు అంటే చెక్క గర్భం, గాజు పీచు పొరలు, ఎపాక్సీ, ఉక్కు అంచులు కలిసిన కాంపోజిట్. అడుగున వేసే అధిక అణుభార పాలిఇథిలీన్ కుటుంబానికి చెందిన ప్లాస్టిక్‌నే కృత్రిమ మోకీళ్లలోనూ వాడతారు. రెజ్యుమేలో ‘హాబీ: స్నోబోర్డింగ్’ అని రాసి ఊరుకుంటే ఆ లైనుకు విలువ లేదు. ‘70 కిలోల మనిషికి పొట్టి వెడల్పు బోర్డు ఎందుకు సరిపోతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే రెండు నిమిషాల్లో బొమ్మ గీసి చెప్పగలిగితే, అప్పుడది మీ సబ్జెక్టు!

కొనే ముందు చివరిగా ఈ ఐదూ మీరే అడుక్కోండి. నా బరువెంత? పాదం ఎన్ని సెంటీమీటర్లు? ఏడాదికి ఎన్ని రోజులు? ఎలాంటి వాలు? పక్కన ఎవరుంటారు? ఐదింటికీ తడుముకోకుండా జవాబు వస్తే బోర్డు దానంతటదే తేలుతుంది. రాకపోతే కంగారేం లేదు. మంచు వచ్చే ఏడాదీ కురుస్తుంది. మీ తొలి జీతం మాత్రం ఒక్కసారే వస్తుంది.