శంషాబాద్‌లో ఇల్లు కడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

గల్ఫ్‌లో కష్టపడి పంపిన డబ్బుతో శంషాబాద్‌లో ప్లాటు కొన్న కుటుంబాలు ఎన్నో. రూల్స్ తెలుసుకోకుండా కడితే ఆ కష్టమంతా బుల్డోజర్ పాలవుతుంది.

2020 టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల వరకు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు. 1 రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల లోపు ఇంటికి సొంత డిక్లరేషన్ మీదే వెంటనే అనుమతి వస్తుంది. మెలిక ఇక్కడే ఉంది. డిక్లరేషన్‌లో తప్పు రాసినా, ప్లాన్ దాటి కట్టినా నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఉంది.

జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన జీవో 111లో 84 గ్రామాలున్నాయి. శంషాబాద్ మండలం ఊళ్లు కొన్ని అందులోవే. ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఎత్తుకూ హద్దు ఉంది. మీ సర్వే నంబరు సంగతేంటో బయానా ఇవ్వకముందే మున్సిపల్ ఆఫీసులో అడగండి.