యంత్రం మాట వినకపోతే?

పిల్లలూ! సెలవు రోజున కంప్యూటరు ముందు కూర్చుని మొదటి ప్రోగ్రాము వ్రాద్దామని ఉత్సాహంగా మొదలుపెట్టారు. తీరా చూస్తే, యంత్రం ఏమిటేమిటో తప్పులు చెప్పి ఊరుకున్నది. "నాకీ విద్య రాదు" అని లేచిపోబోతున్నారా? కాస్త ఆగండి. చాలాసార్లు లోపం మీ తెలివిలో ఉండదు, సరంజామా సర్దుకోవటంలో ఉంటుంది.

పైథాన్ అనే భాషనే తీసుకుందాం. హాలండు దేశస్థుడైన గైడో వాన్ రోసమ్ దీనిని 1991లో లోకానికి అందించాడు. ఇది ఉచితంగానే దొరుకుతుంది. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, పైథాన్ డాట్ ఆర్గ్ నుంచే తెచ్చుకోండి.

తెచ్చుకున్నాక దాన్ని పేరుపెట్టి పిలిస్తే, యంత్రం "అటువంటిదేదీ లేదు" అంటున్నదా? ఒక కుర్రవాణ్ణి పిలిచి, "ఈ పదిళ్ళలో వెతికి సుబ్బయ్యను తీసుకురా" అన్నారనుకోండి. సుబ్బయ్య పదకొండో ఇంట్లో ఉంటే, కుర్రవాడు వట్టి చేతులతో తిరిగి వస్తాడు గదా! యంత్రం దగ్గర కూడా, ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పట్టీ ఒకటి ఉన్నది. దాని పేరు "పాత్". పైథాన్ ఉన్న ఫోల్డరును అందులో చేర్చండి. తరువాత, మీరు ఆజ్ఞలు టైపు చేసే కిటికీని మూసి, మళ్ళీ తెరవండి. ఆ కిటికీ పట్టీని తెరిచినప్పుడే చదువుకుంటుంది. మధ్యలో మార్చితే దానికి తెలియదు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త! మీ ఫైలుకు "రాండమ్" అని పేరు పెట్టకండి. పాచికలు వేసినట్టు అంకెలు ఇచ్చే పనిముట్టు ఒకటి ఆ పేరుతో పైథాన్‌లో ఇదివరకే ఉన్నది. దానిని పిలిస్తే మీ ఫైలే పలుకుతుంది!

యంత్రం తప్పు చూపితే భయపడకండి. అది తిట్టు కాదు, ఆనవాలు. ముందు చివరి వరుస చదవండి. "నేమ్ ఎర్రర్" అంటే, మీరు వ్రాసిన పేరేదో దానికి తెలియదన్నమాట. అక్షరాలు సరిచూసుకోండి. "ఇండెంటేషన్ ఎర్రర్" అంటే, వరుస మొదట విడవవలసిన ఖాళీ తప్పింది. ఎన్నో వరుసలో తప్పున్నదో కూడా అదే చెపుతుంది. అక్కడ ఏమీ కనిపించకపోతే, దాని పై వరుస చూడండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. నాలుగు మందులు కలిపి మింగితే, ఏ మందుకు జబ్బు తగ్గిందో ఎవరు చెప్పగలరు? ఏం మార్చారో, ఏమయిందో నోటుపుస్తకంలో వ్రాసుకోండి.

పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా ఇలాగే చేశారు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో "మార్క్ 2" అనే కంప్యూటరు మొరాయించింది. వెతగ్గా వెతగ్గా, లోపల ఒక రిలేలో చిమ్మెట ఇరుక్కుని కనిపించింది! వాళ్ళు దానిని తీసి పారెయ్యలేదు. పుస్తకంలో అంటించి, పక్కన సంగతి వ్రాసిపెట్టారు. ఆ పుటను వాషింగ్టను మ్యూజియంలో నేటికీ భద్రపరిచారు.

మీ చిమ్మెట కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఓపికగా వెతకండి!