చదరంగానికి ఖరీదైన ఫోను అక్కర్లేదు

మన పద్మానగర్ పిల్లలు ఇప్పుడు ఫోన్లో చదరంగం ఆడుతున్నారు. మంచిదే. కానీ ఓడిపోతే "నాన్నా, ఈ ఫోను స్లో, కొత్తది కొనియ్యి" అంటున్నారు. సాంచల కూలి మీద బతికే ఇంట్లో కొత్త ఫోనంటే మాటలా? అందుకే ఈ సంగతి తెలుసుకొని రాస్తున్నాను.

చదరంగం ఆడే ప్రోగ్రామును ఇంజన్ అంటారు. "నేనిది వేస్తే అవతలోడు ఏమేస్తడు, దానికి నేనేమెయ్యాలె" అని అది లెక్క కడుతుంది. మొదటి ఎత్తుకు తెల్లకు 20 దారులు, నల్లకు 20. ఇద్దరూ ఒక్కోసారి ఆడేసరికే 400 రకాలు. ప్రాసెసర్ స్పీడుంటే ఇంజన్ ఇంకా ముందుకు చూస్తుంది. చూడకపోతే ఊరికే దొరికిందని బంటును తింటది, నాలుగెత్తులకు మంత్రిని పోగొట్టుకుంటది.

1996లో ఐబీఎం వాళ్ళ డీప్ బ్లూ కంప్యూటర్ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ చేతిలో 4-2తో ఓడింది. దాని స్పీడు పెంచారు, ఆట తెలివి కూడా సరిచేశారు. 1997లో సెకనుకు 20 కోట్ల స్థితులు చూసి, 3½-2½తో ఆయననే ఓడించింది.

మరి అంతా స్పీడేనా? కాదు. 2009లో అర్జెంటీనాలో ఒక పోటీలో పాకెట్ ఫ్రిట్జ్ 4 అనే ఇంజన్ మామూలు సెల్ ఫోన్ మీద ఆడింది. సెకనుకు 20 వేల స్థితులు కూడా చూడలేదు. అయినా 10 ఆటల్లో 9 గెలిచి, ఒకటి డ్రా చేసింది.

కారణం ఏందంటే, ఒక్క ఎత్తు ఎక్కువ చూడాలంటే లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్పీడు రెట్టింపైనా చూపు రెట్టింపు కాదు. పనికిరాని ఎత్తుల్ని ముందే వదిలేసే తెలివి కావాలి. సాంచ స్పీడు పెంచినా అంతే కదా! పడుగులో పోగు తెగింది చూడకపోతే చెడ్డ గుడ్డే ఎక్కువ వస్తది.

స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ ఇప్పుడు ఉచితం. తక్కువ ధర ఫోన్లో కూడా అది ఛాంపియన్ల కన్నా బాగా ఆడుతుంది. కాబట్టి పిల్లవాడు మంత్రిని పోగొట్టుకుంటే ఫోను తప్పు కాదు, తొందరపాటే.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమెకు ఆట నేర్పింది నాన్న అశోక్ గారే. మనమూ పిల్లల పక్కన కూర్చుందాం. ఓడిన ఆటను మళ్ళీ బల్ల మీద పెట్టించి, తప్పు ఎక్కడో ముందు వాళ్ళనే వెతకమందాం. ఇంజన్‌ను ఆ తర్వాత అడగొచ్చు.