చీలమండ గాయానికి ఎక్స్-రే ఎప్పుడు అవసరం?

మెట్టు తప్పినా, గుంతలో కాలు పడినా చీలమండ మెలికపడుతుంది. వెంటనే వాపు వస్తుంది, ఎముక విరిగిందేమోనన్న భయమూ కలుగుతుంది. అయితే ఇట్టి గాయాలతో అత్యవసర విభాగానికి వచ్చే నూరుమందిలో ఎముక విరిగినవారు సాధారణంగా పదిహేనుమందికి మించరు. తక్కినవారిలో అధికుల బాధకు బెణుకే కారణం. అందరికీ ఎక్స్-రే తీస్తే కాలమూ ధనమూ వృథా. ఎవరికీ తీయకుంటే విరిగిన ఎముక మరుగున పడుతుంది. ఎవరికి తీయాలో నిర్ణయించడానికి కెనడాలోని ఒట్టావాలో వైద్యుడు ఇయాన్ స్టీల్, ఆయన సహచరులు రూపొందించిన నియమాలు 1992లో వెలువడ్డాయి. నేడు అనేక దేశాల వైద్యులు వాటిని పాటిస్తున్నారు.

ఈ నియమాలలో వాపునకు గాని, కమిలిన రంగునకు గాని స్థానం లేదు. బెణుకులోనూ వాపు అధికంగానే ఉండవచ్చు. వైద్యులు పరిశీలించేవి రెండు: నొక్కినప్పుడు ఎముక మీద నొప్పి, కాలిపై బరువు మోపగల శక్తి.

చీలమండ వద్ద నొప్పి ఉన్నప్పుడు, దానికి ఇరువైపులా ఉబ్బెత్తుగా కనిపించే ఎముకల కొనలను, అక్కడి నుండి పైకి 6 సెంటీమీటర్ల మేర వాటి వెనుక అంచులను నొక్కి చూస్తారు. పాదం నడిమి భాగంలో నొప్పి ఉన్నప్పుడు రెండు చోట్ల నొక్కుతారు. ఒకటి, పాదపు వెలుపలి అంచు మధ్యలో చేతికి తగిలే, చిటికెన వేలి వరుస ఎముక మొదలు. రెండవది, పాదపు లోపలి వైపున చీలమండకు కాస్త ముందుండే నావిక్యులర్ ఎముక. ఈ చోట్లలో ఏ ఒక్కదాని మీద నొప్పి కలిగినా ఎక్స్-రే తీయవలసి ఉంటుంది. గాయపడిన వెంటనే, తిరిగి వైద్యుని ఎదుట కూడా, నాలుగు అడుగులు వేయలేకపోయినా తీయవలసిందే. కుంటుతూ వేసినా అడుగు వేసినట్లే లెక్క.

2003లో అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించగా, ఈ నియమాల ప్రకారం ఎక్స్-రే అవసరం లేదని తేలినవారిలో ఎముక విరిగినవారు నూటికి ఇద్దరికంటె తక్కువగా కనిపించారు. కనుక ఎక్స్-రే వద్దన్న వైద్యుడు నిర్లక్ష్యం చేసినట్లు భావించరాదు. అయితే చేతితో పరీక్షించకుండానే వద్దంటే, పరీక్షించమని కోరే హక్కు రోగికి ఉంది.

నియమాలకు పరిమితులూ ఉన్నాయి. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు, మద్యం మత్తులో ఉన్నవారు, స్పృహ సరిగా లేనివారు నొప్పిని సరిగా చెప్పలేరు. ఇట్టివారి విషయంలో వీటిపై ఆధారపడరాదు. ఇవి మొదట పెద్దల కొరకే ఏర్పడినవి గనుక పిల్లల గాయాలను వైద్యుడే విడిగా అంచనా వేయవలెను. కాలు వంకర తిరిగినా, ఎముక బయటికి కనిపించినా, వేళ్లు చల్లబడి నీలివర్ణం దాల్చినా ఈ పరీక్షల కొరకు ఆగక, వెంటనే 108కు ఫోన్ చేయవలెను.

బెణుకని తేలిన పిమ్మట కాలిని ఎత్తుగా ఉంచి, గుడ్డలో చుట్టిన మంచుతో కాపడం పెట్టవలెను. తొలి దినాలలో గట్టిగా మర్దన చేయరాదు. వారం గడచినా బరువు మోపలేకపోతే తిరిగి వైద్యునికి చూపించవలెను. నాటు కట్టు కట్టించుకోదలచినవారు సైతం ముందుగా ఈ పరీక్ష చేయించుకోవడం క్షేమం. విరిగిన ఎముక స్థానం తప్పి అతుక్కుంటే నడక శాశ్వతంగా దెబ్బతినవచ్చు.