దుండిగల్ ఖడ్గం, కోళికోడ్ వాన

హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణలో మేటిగా నిలిచినవారికి గౌరవ ఖడ్గం ఇస్తారు. 1981లో దాన్ని అందుకున్న దీపక్ వసంత్ సాఠే, తర్వాత టెస్ట్ పైలట్, ఆపైన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కెప్టెన్.

2020 ఆగస్టు 7న దుబాయ్ నుంచి వచ్చిన ఆయన బోయింగ్ 737, కోళికోడ్‌లో వానకు తడిసిన కొండమీది రన్‌వే దాటి లోయలో పడింది. 190 మందిలో 21 మంది చనిపోయారు. ఆయనా, కోపైలట్ అఖిలేశ్ కుమారూ దక్కలేదు.

దేశం కన్నీరు పెట్టింది. దర్యాప్తు నివేదిక మాత్రం మొహమాటపడలేదు: విమానం బాగా ముందుకెళ్లి నేల తాకింది, మళ్లీ పైకి లేపమని కోపైలట్ చెప్పినా లేపలేదు.

సీనియర్‌కు జూనియర్ అడ్డు చెప్పడమూ, సీనియర్ దాన్ని వినడమూ పైలట్లకు నేర్పుతారు. అదే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్.