బోటు మోటారు వెనక సన్నటి నీటిధార

మేముండేది హంట్స్‌విల్‌లో. ఎండాకాలం వస్తే మా మజిలీ గంటర్స్‌విల్ లేక్. టెన్నెసీ నది మీద 1939లో కట్టడం పూర్తయిన డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళవి. అలబామాలో అంత పెద్ద లేక్ ఇంకోటి లేదు. నీళ్ళ అడుగున గడ్డి దట్టంగా పెరుగుతుంది. చేపలకి పండగే, మోటారుకి మాత్రం కాదు.

మావారు సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాక నా డ్యూటీ పులిహోర డబ్బా, సన్‌స్క్రీన్, లైఫ్ జాకెట్ల వరకే. మోటారు సంగతి నాకెందుకులే అనుకునేదాన్ని.

కిందటి జులైలో అత్తయ్యగారినీ పిల్లలిద్దరినీ ఎక్కించుకుని బయలుదేరాం. ర్యాంపు దాటి రెండు మైళ్ళు పోయామో లేదో, కీ...మని అలారం. మోటారు వేగం దానంతటదే పడిపోయింది. "మెల్లగా ఒడ్డు దాకా లాగించేద్దాం" అన్నారు మావారు. అత్తయ్యగారు ఊరుకోలేదు. "కుక్కర్లో నీళ్ళు ఇగిరిపోయాయని తెలిశాక ఇంకో విజిల్ రానిస్తామట్రా? ఆపెయ్!"

ఆవిడ చెప్పిందే రైటు. కారులో ఉన్నట్టు ఇక్కడ రేడియేటర్ ఉండదు. నీళ్ళలో మునిగి ఉండే కాలు దగ్గర చిన్న జల్లెడలుంటాయి. వాటిలోంచి లేక్ నీళ్ళే లోపలికి వెళ్తాయి. ఇంపెల్లర్ అనే రబ్బరు చక్రం వాటిని పైకి తోసి ఇంజన్ చుట్టూ తిప్పుతుంది. అందులో కొంచెం నీరు వెనక సన్నటి ధారగా బయట పడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే మాకు ఆ ధారే లేదు.

లంగరు వేసి, తాళం తీసేసి, మోటారు పైకెత్తాం. జల్లెడల నిండా గడ్డి చుట్టుకుని ఉంది. అంతా పీకేసి, చల్లారేదాకా ఆగి మళ్ళీ స్టార్ట్ చేస్తే ధార చుక్కలు చుక్కలుగా వచ్చింది. కాసేపటికి మళ్ళీ అలారం. ఎండ మండిపోతోంది, చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు. చివరికి చేపలు పట్టుకుంటున్న ఒకాయన తాడు కట్టి మమ్మల్ని ర్యాంపు దాకా లాక్కొచ్చాడు.

మెకానిక్ విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కలు రెండు విరిగిపోయి, ముక్కలు పైన గొట్టంలో ఇరుక్కున్నాయి. అప్పుడు బయటపడింది అసలు కథ. మార్చిలో మావారు డ్రైవ్‌వేలో, హోస్ పెట్టకుండానే, "స్టార్ట్ అవుతుందో లేదో చూద్దామని" ఒక్క నిమిషం నడిపారట! నీళ్ళే ఆ రబ్బరుకి నూనె. అవి లేకపోతే కొద్ది సెకన్లలోనే రెక్కలు కమిలిపోతాయి. ఇంటి దగ్గర నడపాలంటే జల్లెడల మీద బిగించే రబ్బరు కప్పులు దొరుకుతాయి. వాటికి హోస్ తగిలించి, కుళాయి తిప్పాకే తాళం తిప్పాలి.

ధార రాకపోయినా మోటారు వేడెక్కకపోతే ఒక్కోసారి ఆ కన్నంలోనే మట్టి చేరి ఉంటుంది. ముందు ఆపేసి, సన్నటి వైరుతో పొడిస్తే పోతుంది. ధార బాగానే ఉండి కూడా వేడెక్కుతుంటే థర్మోస్టాట్ మూసుకుపోయిందేమో చూడాలి. ఈ పరీక్ష నా వంటింట్లోనే చేశాను. పాత గిన్నెలో నీళ్ళు మరిగిస్తూ దాన్ని దారంతో వేలాడదీస్తే, మాన్యువల్‌లో ఇచ్చిన వేడి దగ్గర తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే మార్చేయడమే. ఆ గిన్నె మళ్ళీ పొయ్యెక్కలేదనుకోండి!

ఉప్పునీళ్ళలో తిప్పేవాళ్ళు ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే లోపల ఉప్పు పేరుకుంటుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయగానే చిన్నవాడు వెనక్కి వంగి చూసి "వస్తోందమ్మా!" అని కేక పెడతాడు. ఆ కేక వినపడ్డాకే నేను తాడు విప్పుతాను.