కుదురులేని పిల్లలు: పెంపకదోషమా, బీజదోషమా?

"మా అబ్బాయి ఒక్కచోట కుదురుగా కూర్చోడు, మొదలుపెట్టిన పని పూర్తిచేయడు" అన్నది ఎందరో తల్లుల ఆవేదన. గారాబమే ఇందుకు కారణమని బంధువులు తేల్చివేస్తారు. పన్నెండేళ్ళలోపే కనిపించి, ఇంటిలోనూ బడిలోనూ ఆరు మాసాలకు పైగా కొనసాగుతూ చదువుకు ఆటంకమయ్యే ఇట్టి చాంచల్యాన్ని వైద్యులు ఏ.డి.హెచ్.డి. (ఏకాగ్రతాలోపం, అతిచురుకుదనం) అని వ్యవహరిస్తారు.

దీని మూలాన్ని కవలలలో వెదికారు. ఒకే అండం నుండి జన్మించిన కవలల జన్యువులు దాదాపు ఒక్కటే. రెండు అండాల కవలలకు సగటున సగమే సమానం. మొదటి రకం కవలలలో ఇద్దరికీ ఈ లక్షణాలుండడం మిక్కిలి అధికమని తేలింది. 37 కవలల అధ్యయనాలను 2019లో సమీక్షించగా, పిల్లల మధ్య ఈ విషయంలో కనబడే తారతమ్యంలో సుమారు 74 శాతం జన్యుసంబంధమని వెల్లడైంది.

మరి ఆ జన్యువు ఏది? 1990 దశకంలో శాస్త్రజ్ఞుల దృష్టి మెదడులోని డోపమైన్ అనే రసాయనానికి సంబంధించిన ఒకటి రెండు జన్యువులపై నిలిచింది. 2019లో 20,183 మంది బాధితులను, 35,191 మంది ఇతరులను పోల్చిచూడగా 12 జన్యుస్థానాలు బయటపడ్డాయి. నాడు అనుమానించిన జన్యువులు వాటిలో లేవు! 2023లో 38,691 మంది బాధితులతో జరిపిన పరిశీలనలో ఆ సంఖ్య 27కు పెరిగింది. ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పం. చినుకులన్నీ కలిసి వాగైనట్లే ఇదీను. కనుక జన్యుపరీక్షతో ఈ రుగ్మతను నిర్ధారించడం సాధ్యం కాదు.

చరకసంహిత బీజాన్ని బీజభాగం, బీజభాగావయవం అని విభజించి, అందులో చెడిన భాగాన్ని బట్టి శిశువులో వికృతి కలుగుతుందని చెప్పింది. ఆనాటివారికి జన్యువులు తెలియవు. అయినా కారణాన్ని బీజంలో వెదకిన ఆ దృష్టి గమనింపదగినది.

బీజం ఇద్దరిదీ. కాబట్టి తల్లిని నిందించడం తగదు. వంశపారంపర్యమైనంత మాత్రాన చికిత్స లేదనీ కాదు. తండ్రి నుండి వచ్చిన హ్రస్వదృష్టికి కళ్ళద్దాలు పెట్టుకోవడం లేదా? వేళకు భోజనం, చాలినంత నిద్ర, క్రమమైన దినచర్య అలవరచండి. ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి. చేసినప్పుడు మెచ్చుకోండి. బ్రాహ్మి వంటి మూలికలు ఈ రుగ్మతను నయం చేస్తాయనడానికి తగిన ఆధారాలు లేవు. వాటిని నమ్మి వైద్యుడిచ్చిన మందులు మానరాదు. పిల్లల మానసిక వైద్యనిపుణుని సంప్రదించడంలో సంకోచం వలదు. దండన వల్ల ఈ చాంచల్యం తగ్గదు. ఓర్పుతో కూడిన శిక్షణ, సకాలంలో చికిత్స లభిస్తే ఆ బిడ్డ చక్కగా రాణించగలడు.